తాత బాతుల కథ, ఒక నిమిషం

కాకినాడ బస్సు దిగి, రామచంద్రపురంలో నేను చూడాలనుకున్న ప్రాథమిక పాఠశాలకు చేరేసరికి ప్రార్థన అయిపోయింది. వరండాలో టీచర్‌గారు మూడో తరగతి కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటున్నారు. "నిమిషమే నాన్నా. తెలీని మాటొస్తే కంగారు పడకు, నేను చెప్తాగా."

వాడి చేతిలో కాగితం మీద తాత, బాతుల కథ. టీచర్‌గారు రాసిందే. పాఠ్యపుస్తకంలోది ఇవ్వరట, అది పిల్లలకి కంఠతా వచ్చేసి ఉంటుంది. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు నేను పాఠం గడగడా చదివి శభాష్ అనిపించుకున్న రోజున పుస్తకం వేరే పేజీలో తెరిచి ఉంది.

కుర్రాడు వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. తప్పు చదివిన మాట మీద టీచర్‌గారు తన కాగితంలో గీత పెడుతున్నారు. తప్పు చదివి తనే దిద్దుకుంటే ఒప్పే. మూడు సెకన్లు ఆగిపోతే మాట అందించి, దాన్ని తప్పుల్లో వేస్తారు. నిమిషం అయ్యేసరికి 38 మాటలు, 5 తప్పులు. లెక్కకొచ్చేవి 33.

కేంద్రం 2021లో తెచ్చిన నిపుణ్ భారత్ ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు, అర్థం చేసుకుంటూ చదవాలి. ఈ అంకె దగ్గరే నాకు పేచీ. నిమిషం పెట్టి మాటలు లెక్కేసే పద్ధతి అమెరికా బళ్లలో, ఇంగ్లీషు మీద పెరిగింది. మన "ఇంట్లో ఉన్నారు" రెండు మాటలు, ఇంగ్లీషులో అదే ముక్కకి నాలుగు కావాలి. ఈ కథలో "తోలుకెళ్తున్నాడు" అని ఉంది. లెక్కకి ఒకటే మాట, కంటికి ఆరు అక్షరాలు, రెండు వత్తులు. పాపం కుర్రాడు ఆగింది అక్కడే. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో మూడో తరగతి పిల్లల్ని పరీక్షించినప్పుడు ఏ భాషకి ఆ భాషకే గీటురాయి పెట్టింది. అదీ న్యాయం.

తర్వాత వచ్చిన పిల్ల "వెళుతున్నారు" అని ఉన్నచోట "ఎల్తన్నారు" అంది. టీచర్‌గారు గీత పెట్టలేదు. అడిగితే, "దానికి మాట తెలిసిందండి. వాళ్లింట్లో అలాగే అంటారు. నేనూ ఇంట్లో అలాగే అంటానండి ఆయ్," అన్నారు. యాసకి మార్కులు కోయకూడదన్నది ఈ పరీక్ష నియమాల్లోనే ఉంది. పాటించేవాళ్లని చూడటం మాత్రం నాకు ఇదే మొదలు.

ఆ పిల్ల నిమిషంలోపే కథంతా ఊదేసింది. "తాత బాతుల్ని ఎక్కడికి తీసుకెళ్లాడమ్మా?" అంటే దిక్కులు చూసింది. ఇందాకటి 33 మాటల కుర్రాడు "కాలవకి!" అని ఠక్కున అన్నాడు. "ఇది పరుగు తీసిందండి, ఊరు చూళ్లేదు," అన్నారు టీచర్‌గారు. ఇద్దరినీ జంటగా కూర్చోబెట్టి ఒకరికొకరు చదివి వినిపించుకోమన్నారు.

ముందు ఆవిడ చదువుతారు, తర్వాత అందరూ ఆవిడతో కలిసి, ఆపైన జంటలుగా. అదే కథ మూడు నాలుగు రోజులు. ఇలా తిప్పి తిప్పి చదివించడం మంచిదని 1979లోనే ఎస్. జే. సామ్యూల్స్ అనే అమెరికా పరిశోధకుడు రాశాడు. బుద్ధంతా అక్షరం పోల్చుకోవడానికే ఖర్చయిపోతే అర్థానికేం మిగులుతుందని ఆయన వాదన. వీధిబడి వల్లెవేతా తిప్పి తిప్పి చెప్పించేదే, కానీ అక్కడ కన్నుతో పని లేకుండా పోయేదాకా వల్లించేవారు. ఇక్కడ కన్ను వేగం అందుకునేదాకా చదివిస్తున్నారు.

ఇంత తిప్పలెందుకంటే, అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతమే.

టీచర్‌గారికి ఇప్పుడున్న ఇబ్బంది కథలు. ప్రతి పరీక్షకీ పిల్లలు చూడనిది కావాలి, ఆవిడ రాసినవన్నీ అయిపోవచ్చాయి. మీ అటక మీద పాత చందమామలో, బాలమిత్రలో ఉంటే తూకానికి వేయకండి. మీ వీధి బడిలో ఇచ్చి రండి.