రాళ్లు నేర్పిన చూపు

మాది కోనసీమ. ఇంటి పునాదికైనా రాయి లారీలో రావాల్సిందే. అలాంటి నేను చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు గారి హైదరాబాదు శిలల బొమ్మలు చూసి మనసు పారేసుకున్నాను. ఆయన పుట్టిన నేలను చూడాలని ఫిబ్రవరి చివర్లో బయల్దేరాను.

జనగామ ఇంకా రాకముందే రైలు కిటికీలో గుండ్రాళ్లు మొదలయ్యాయి. ఒకదాని మీద ఒకటి, ఎవరో తీరిగ్గా పేర్చి వెళ్లినట్టు! మా ఊళ్లో చూపు కొబ్బరాకుల దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ ఆకాశం అంచుదాకా పోయి, ఓ బండ మీద వాలుతుంది. జనగామలో దిగితే, స్టేషన్ బయట ఓ అవ్వ వేడివేడి సర్వపిండి పెట్టింది. మా దిబ్బరొట్టెకు చుట్టమే అనిపించింది గానీ, దీనికి నిండా చిల్లులు.

"ఈ చిల్లులెందుకవ్వా?"

"నూనె దిగాలె గద బిడ్డా!"

ఆ కరకర, మధ్యలో తగిలే పల్లీ... మీరు వెళితే వదలకండి.

అసలు చిక్కు శేషగిరిరావు గారు పుట్టిన పెనుగొండతో వచ్చింది. గోదావరి జిల్లాలవాళ్లకు పెనుగొండంటే వాసవీమాత ఊరు. నా ఫోను కూడా ఆ ఊరికే దారి చూపించింది! నాకు కావలసింది మహబూబాబాద్ జిల్లాలోది. కేసముద్రంలో దిగి ఆటో ఎక్కి, రెండుసార్లు దారి తప్పాక, కల్లంలో మిర్చి ఎండబోస్తున్న పెద్దాయన్ని అడిగాను. "బొమ్మలేసే సారు ఊరా? గిట్లనే పో" అన్నాడు. ఎర్రటి తివాచీ పరిచినట్టున్న ఆ కల్లాల మధ్య నుంచే ఊళ్లోకి వెళ్లాను.

1924లో ఇక్కడ పుట్టిన పిల్లవాడు మెహదీ నవాజ్ జంగ్ చేయూతతో శాంతినికేతన్ వెళ్లి, నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నాడు. తిరిగొచ్చి హైదరాబాదులో ఎందరికో చిత్రకళ నేర్పాడు. శకుంతలను ఎంత ప్రేమగా గీశాడో, దక్కను బండనూ అంత ప్రేమగానే గీశాడు. 2012లో కన్నుమూశాడు.

రాళ్ల మీద మోజు తీరక, మర్నాడు హనుమకొండలో భూపాలపల్లి బస్సెక్కి, రేగొండలో దిగి పాండవుల గుట్టకు వెళ్లాను. ఇక్కడ రాయి తీరే వేరు. జనగామవి గుండ్రాళ్లయితే, ఇవి పొరలు పొరలుగా నిలువెత్తు గోడలు. వాటి మీద ఆదిమానవులు వేసిన బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. ముందు నాకేమీ కనిపించలేదు. మేకలు కాసే కుర్రాడు పక్కన నిలబడి, "జర నిలవడి సూడు సారూ" అన్నాడు. నిలబడ్డాను. ఎర్రటి మరక మెల్లగా కాళ్లు, కొమ్ములు తెచ్చుకుని జంతువైంది!

రాయి మీద రాయి బొమ్మ కాదు, ప్రాణం గీశాడు ఆ తొలి చిత్రకారుడు. రాయిలోనే ప్రాణం చూశారు శేషగిరిరావు గారు. మీరు వెళ్లేముందు ఆయన శిలల బొమ్మలు ఒకసారి చూడండి. నీళ్ల సీసా పట్టుకుని పొద్దున్నే గుట్ట ఎక్కండి. తొందరపడకండి.

మొన్న మా వీధిలో పునాది రాళ్ల లారీ ఆగింది. దించడం అయ్యేదాకా అక్కడే నిలబడి చూశాను.