ఉద్యోగినులు – జాబులు వ్రాయు విధము

పూర్వము మన స్త్రీల వ్రాత పుట్టింటికి వ్రాయు ఉత్తరములతోను, చాకలిపద్దుతోను ముగియుచుండెను. నేడట్లు కాదు. పాఠశాలలలో, వైద్యశాలలలో, బ్యాంకులలో, ప్రభుత్వ కార్యాలయములలో అసంఖ్యాకులైన సోదరీమణులు పనిచేయుచు, దినమునకు పదియో యిరువదియో జాబులు వ్రాయుచున్నారు. కాగితము మీద వ్రాసినను, సెల్‌ఫోనులో పంపినను అవి జాబులే. ఇంత వ్రాయుచున్నను, నాలుగు పంక్తుల జాబును ఎదుటివారికి దెలియునట్లు వ్రాయుట యెట్లో నేర్పువారు అరుదు. కళాశాలలో వ్యాసరచన నేర్పుదురు గాని, అందు పుటలు నిండుటయే ప్రధానము. మేము పెక్కేండ్లుగా నొక మండల కార్యాలయమున జాబులకు చిత్తుప్రతులు వ్రాయు పనిలో నున్నవారము. అందు చూచిన సంగతులను సోదరీమణుల యెదుట నుంచుట మంచిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన దేశమున 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదిన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద ఊరూర అంగన్‌వాడీ కేంద్రములు నడచుచున్నవి. అందలి టీచరులకు తాఖీదులకు కొదువ లేదు. వారు వానిని చదువుకొను సమయ మెట్టిది? పొయ్యిమీద పప్పు ఉడుకుచుండును. ఒక బిడ్డ యేడ్చుచుండును. గర్భిణి యొకతె గ్రుడ్లకొఱకు వాకిట నిలిచియుండును. ఈ నడుమ సెల్‌ఫోను మ్రోగును. అందొక తాఖీదు నకలు వచ్చి పడును.

కొంతకాలము క్రిందట పై కార్యాలయ మొకదానినుండి ఇట్టి టీచరులకు నొక తాఖీదు వచ్చినది. దాని ధోరణి యిట్టిది: "పై సూచికలలో నుదహరింపబడిన ఉత్తరువుల ననుసరించి, కేంద్రములకు చెందిన సంబంధిత రికార్డులను నిర్ణీత గడువులోపల పరిశీలన నిమిత్తము హాజరుపఱచవలసినదిగా నిందుమూలముగా ఆదేశించడమైనది. తప్పినచో తగు చర్య తీసుకొనబడును." ఏ రికార్డులు? ఎచ్చటికి తేవలెను? ఏ గడువు? ఆ గడువు వేఱొక యుత్తరువులో నున్నదట! ఆ యుత్తరువు టీచరులకు చేరనే లేదు.

ఫలిత మేమైనదనగా, కొందఱు సోమవారము వచ్చిరి. కొందఱు బుధవారము వచ్చిరి. కొందఱు రానే లేదు. కాలువ ఆవలి యూరినుండి ఒక టీచరు రెండు ఆటోలు మాఱి, ఉన్న పుస్తకములన్నియు సంచులలో మోసికొని వచ్చినది. కావలసిన పట్టిక యొక్కటి మాత్రము కేంద్రముననే యుండిపోయినది. మఱునాడు మరల రమ్మనిరి. రెండు దినములు కేంద్రమున ఆయా యొక్కతెయే పిల్లలను సముదాయించుకొనవలసి వచ్చినది. ఆటోల కూలి టీచరు చేతిదే. పైగా, ఆలస్యమునకు సంజాయిషీ యడుగుచు నింకొక తాఖీదు! ఆమె మాతో ననిన మాట మఱపురానిది: "మేడమ్, మాకు చదువు రాక కాదండీ. ఏం తేవాలో అందులో లేదు. అడుగుదామంటే, ఆపాటి తెలియదా అంటారని భయం."

సోదరీమణులారా, ఈ భయమును గూర్చి యాలోచింపుడు. పై వారు వ్రాసినది తెలియకున్నచో క్రిందివారు అడుగజాలరు. అడుగక, ఊహించి, ఆ యూహ తప్పినచో శిక్ష ననుభవింతురు. అనగా, వ్రాయువారు మిగుల్చుకొనిన రెండు నిమిషముల శ్రమ క్రిందివారి కూలిగా, కాలముగా, అవమానముగా మాఱుచున్నది. చక్కగా వ్రాయుట సొగసునకు సంబంధించిన విషయమని కొందఱందురు. మాకట్లు తోచదు. అది న్యాయమునకు సంబంధించిన విషయము.

ఆ మీదట మేమును, మాతోటి యుద్యోగినులు ముగ్గురును గూర్చుండి, అట్టి తాఖీదు వచ్చినప్పుడెల్ల దానికి ముందు పంక్తులుగా నొక చిన్న జాబు చేర్చి పంపుట యలవాటు చేసితిమి. అది యిట్లుండును: "ఈ నెల 12వ తేది బుధవారం ఉదయం 10 గంటలకు మండల కార్యాలయానికి రండి. తేవలసినవి మూడు: పిల్లల బరువుల పుస్తకం, గర్భిణుల పట్టిక, బ్యాంకు పాసుపుస్తకం నకలు. రాలేనివారు 10వ తేది సోమవారం లోపల సూపర్‌వైజరుకు ఫోను చేసి చెప్పండి." ఇందు గొప్ప భాష యేదియు లేదు. అయినను, వచ్చినవారెల్లరు ఒకే దినమున, ఆ మూడింటితోనే వచ్చిరి.

మొదటి తాఖీదు వ్రాసినవారు దుర్మార్గులు కారు. వారి బల్లమీద పాత యుత్తరువు ఎదుటనే యున్నది. తమకు గనబడునది చదువరికిని గనబడుచున్నదని తలంచిరి. ఈ తలంపు వలన ప్రాణములే పోయిన యుదంతము చరిత్రలో ప్రసిద్ధము. 1854వ సంవత్సరము అక్టోబరు 25వ తేదిన క్రిమియా యుద్ధమునందు బాలక్లావా యొద్ద ఆంగ్ల సేనాపతి లార్డు రాగ్లను కొండమీద నుండెను. శత్రువులు తాము పట్టుకొనిన ఫిరంగులను తరలించుకొని పోవుచున్నారని యతనికి దోచెను. ముందునకు సాగి, ఫిరంగులను కొనిపోనీయక అడ్డగింపుడని లోయలోని యశ్వదళమునకు చీటీ పంపెను. ఏ ఫిరంగులో, ఏ దిక్కుననున్నవో అందు వ్రాయలేదు. లోయలోనివారికి ఆ ఫిరంగులు కనబడవు. వారి యెదుట లోయ చివర రష్యనుల ఫిరంగులే యుండెను. ఇంచుమించు 670 మంది రౌతులు వానికే యెదురేగిరి. నూఱుమందికి పైగా మరణించిరి. కారణము లింకను గలవు గాని, కొండమీదివాడు లోయలోనివాని కన్నులతో చూడకుండుటయే అందు మొదటిది.

ఆ యుద్ధమునందే సేవచేసిన ఫ్లారెన్సు నైటింగేలు దీనికి ప్రతిగా నొక మంచి మార్గము చూపినది. గాయములకంటె, శుభ్రత యుండిన నివారింపదగిన రోగములవలననే సైనికులు ఎక్కువగా చచ్చిరని యామె యెఱుగును. పట్టికలనిండ అంకెలు వ్రాసి యిచ్చినచో పై యధికారులు వానిని త్రిప్పి చూడరనియు ఆమె యెఱుగును. కావున 1858వ సంవత్సరమున అచ్చువేయించిన పత్రములలో నెలనెలకు నొక చీలికగా గుండ్రని పటము గీయించి, రోగమరణములకు నీలిరంగు, గాయములవలని మరణములకు ఎఱుపు, తక్కినవానికి నలుపు వేయించినది. చూచినంతనే నీలిరంగు కన్నులకు గట్టును. ఆమె తనకు దెలిసినదంతయు చూపుటకు గాక, చదువరి చేయవలసినది చేయించుటకు వ్రాసినది.

ఇది మన యిండ్లలో తెలియని విద్య కాదు. పచారీ కొట్టునకు చీటీ పంపునపుడు ఏ గృహిణియు "ఇంటికి సంబంధించిన తగు సరకులు పంపవలెను" అని వ్రాయదు. కందిపప్పు రెండు కిలోలని వ్రాయును. పురిటికి పోవు కోడలు అత్తగారికి మందుల సంగతి చెప్పునపుడు, తెల్లబిళ్ల ప్రొద్దున, ఎఱ్ఱబిళ్ల రాత్రి యని ఆమె గుర్తుపట్టు రీతిని చెప్పును. ఇంత తెలిసిన మనమే కచేరీ బల్లముందు గూర్చుండినంతనే "ఇందుమూలముగా" అని యేల యారంభింపవలెను?

కేవలము పొట్టిగా వ్రాసినను చాలదు. మన దేశమున 2013వ సంవత్సరము జూలై నెలలో ముగిసిన తంతివార్తలు మన పెద్దల కింకను జ్ఞాపకమే. మాటలు లెక్కించి రుసుము దీసికొందురు గనుక "వెంటనే బయలుదేరి రమ్ము" అని మాత్రము పంపెడివారు. అది చూచి యింటిల్లిపాదియు శోకము లారంభించి, తీరా పోయి చూడగా పెండ్లిచూపులని తెలియు నుదంతములు పెద్దలు నవ్వుచు చెప్పుచుందురు. చదువరికి కావలసిన మాట ఒక్కటియు వదలరాదు. అక్కఱలేని మాట ఒక్కటియు ఉండరాదు.

మా యనుభవమున తేలిన కొన్ని సంగతులు చెప్పెదము. చదువరి చేయవలసిన పనిని మొదటి పంక్తిలోనే చెప్పవలెను. కారణములు తరువాత చెప్పవచ్చును. తేదితో వారమును గూడ వ్రాయవలెను. ఒకటి పొరపడినను రెండవది పట్టిచ్చును. ఒక జాబులో నొక విషయమే యుండవలెను. పండుగ శుభాకాంక్షల నడుమ గడువుతేది చెప్పినచో నది మఱుగునపడును. "చర్య తీసుకొనబడును" అని వ్రాయక, ఎవరు ఏమి చేయుదురో వ్రాయవలెను. పై యధికారికి వ్రాయునది వేఱు. ఆయనకు కావలసినది నిర్ణయింపవలసిన విషయము. "కేంద్రము పైకప్పు కారుచున్నది. వానలకు ముందు బాగుచేయించుటకు మీ యనుమతి కావలెను. ఖర్చు అంచనా జతచేసితిమి" అని మొదట వ్రాసి, భవన చరిత్ర వెనుక పుటలో నుంచిన చాలును. చదువు రానివారికైనచో వ్రాతకంటె మన గొంతుతో చెప్పి పంపు మాట మేలు.

అన్నిటికంటె ముఖ్యము పరీక్ష. పంపుటకు ముందు ఆ విషయ మెఱుగని యొకరిచేత జాబు చదివింపుడు. "అర్థమైనదా?" అని యడుగకుడు, మర్యాదకు అందఱును ఔననియే యందురు. "ఇది చూచి మీరిప్పుడేమి చేయుదురు?" అని యడుగుడు. మా కార్యాలయమున అటెండరుగా నున్న యామెయే మాకు పరీక్షాధికారిణి. ఆమె తడబడిన చోటనెల్ల మేము జాబు మార్చుచున్నాము.

ఇట్లు వ్రాసినచో కచేరీ గౌరవము తగ్గునని మాతో ననినవారును గలరు. మీరు, దయచేసి, అను మాటలలో గౌరవము లేదా? తెలియని భాషలో భయమున్నది గాని గౌరవము లేదు. వేఱొక సంగతియు గలదు. అస్పష్టముగా వ్రాసినచో రేపు తప్పు జరిగినప్పుడు "మేము చెప్పితిమి గదా" అని తప్పించుకొనవచ్చును. ఆ మఱుగు వ్రాయువారికి సుఖమే కాని, అందువలన నష్టపడునది కాలువ ఆవలి టీచరు వంటిది. స్పష్టముగా వ్రాయుటకు కొంత ధైర్యము గూడ కావలెను.

ఉద్యోగము చేయని సోదరీమణులకు ఈ విషయముతో నేమి పని యనరాదు. మన బాలికలే రేపు డాక్టరులు, టీచరులు, బ్యాంకు అధికారిణులు కాగలరు. పచారీ చీటీయు, పాలవానికి సందేశమును, బడికి సెలవు చీటీయు వారిచేతనే వ్రాయింపుడు. వ్రాసిన పిమ్మట, ఇది చదివి యెదుటివారేమి చేయుదురో చెప్పుమని యడుగుడు. పదేండ్ల వయస్సున ఈ యలవాటు పడిన పిల్ల యధికారిణి యైనప్పుడు, ఆమె తాఖీదు నందుకొనిన ఏ పేద టీచరును భయపడి రెండు ఆటోలు మాఱి రిత్తగా తిరిగిపోవలసిన యవస్థ యుండదని మా నమ్మకము.