కొల్లేటి గట్టున ఓ లెక్కల పుస్తకం

ఏలూరు స్టేషన్‌లో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, మెయిల్ డ్రాఫ్ట్స్‌లో రాజీనామా లేఖ, బ్యాంకులో ఆరు లక్షలు. నేనూ, నా ఇంజినీరింగ్ క్లాస్‌మేటూ కలిసి స్టార్టప్ పెట్టాలనుకున్నాం. చేపల చెరువులో ఆక్సిజన్ కొలిచి, తగ్గితే రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే సెన్సర్ మా ఐడియా. హైదరాబాద్‌లో ఎవరికి చెప్పినా 'సూపర్' అన్నారు. అలా అన్నవాళ్లలో ఒక్కరికీ చెరువు లేదు. అందుకే బయల్దేరాం.

బైక్ మీద కైకలూరు రోడ్డెక్కాం. పెదయడ్లగాడి వంతెన దగ్గర రెండు పక్కలా నీళ్లు, తూటికాడ, కొంగలు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం ఈ కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు ఇక్కడ నిలిచి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించేసింది. అంటే ఇక్కడ ఏ వ్యాపారానికైనా మొదటి ప్రశ్న 'చెరువు కాంటూరు లోపలా, బయటా?' మా ప్రజెంటేషన్‌లో ఆ స్లైడే లేదు.

కాంటూరు బయట చెరువున్న ఓ పెద్దాయన్ని కలిశాం. గెడలకు చిల్లుల సంచులు కట్టి తవుడు, చెక్క మేత పెడుతున్నారు. "మా సెన్సర్ ఇస్తే వాడతారా బాబాయ్‌గారూ?" అన్నాను. "వాడతాం బాబూ, ఎందుకు వాడం" అన్నారు. నా ఫ్రెండ్ మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం ఎందుకో నమ్మకం కుదరక ప్రశ్న మార్చాను. "పోయినసారి ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏం చేశారు?"

"మబ్బేసిన రోజు రాత్రి కాపలా ఉంటాం. తెల్లారగట్ల చేప పైకొచ్చి నోరు తెరిస్తే ఇంజన్ ఏసి కొత్త నీరు పెడతాం. దానికి ఫోనెందుకు?"

అయిపోయింది. పైగా మేమే మొదటివాళ్లం కూడా కాదు. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ చెరువులో తేలే ఇలాంటి పరికరాలు ఎప్పుడో చేసింది.

లేవబోతుంటే ఆయన భార్య టీ తెచ్చారు. చేతిలో అట్ట చిరిగిన నోటుబుక్కు. మేత బస్తాలు, కూలీలు, అప్పు అన్నీ అందులోనే. "ఇంజినీర్లు కదా బాబూ, కిలో చేపకి మాకెంత పడిందో ముందే చెప్పగలరా? పట్టుబడి అయ్యేదాకా లాభమో నష్టమో తెలవదు" అన్నారావిడ. చేపల సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. శీలావతి, బొచ్చె లారీ ఎక్కేదాకా ఆ లెక్క చీకట్లోనే.

మర్నాడు తాడేపల్లిగూడెం వెళ్లాం. ఉల్లిపాయల మార్కెట్‌లో ధరలు చూపించే యాప్ మా రెండో ఐడియా. అదైతే గుమాస్తా నవ్వుతూనే కొట్టేశాడు. "ధర మా అందరికీ ఫోన్లో క్షణాల్లో తెలుస్తాదండి. కావాల్సింది ధర కాదు, బాకీ వసూలు." అక్కడా లెక్కల గొడవే!

రాత్రి రైలెక్కేలోగా నిర్ణయించుకున్నాం. యాప్ రాయం. ఆ పిన్నిగారు వారానికోసారి పేజీ ఫొటో పంపుతారు, మేం చేత్తోనే కిలో ఖర్చు లెక్కకట్టి పంపుతాం. ఒక్క చెరువు, రెండు నెలలు. ఓ వారం మేం పంపడం మానేస్తే ఆవిడ ఫోన్ చేసి అడగాలి. అడిగితే దానికి డబ్బిస్తారా అని చూడాలి. అడక్కపోతే అది ఐడియా కాదు, మా మోజు.

రాజీనామా లేఖ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. మొన్న కావాలనే లెక్క పంపలేదు. ఆదివారం పొద్దున్నే ఫోన్. "ఏం బాబూ, ఈ వారం లెక్క రాలేదేంటి?"