రాణి చూలు

మా కుక్క రాణి పొట్ట పెరిగి, పాలు కూడా పడేసరికి, మా ఆవిడ పుట్టబోయే పిల్లలను ఇరుగుపొరుగుకు పంచేసింది. రోజులు దాటినా రాణి ఈనలేదు. "ఇది ఉత్త భ్రమ చూలండీ! కుక్కల్లో మామూలే" అన్నారు పశువుల డాక్టరుగారు. పాపం, రాణి నా చెప్పునే బిడ్డలా పొదువుకుని పడుకునేది!

మరుసటిసారి మేము తొందరపడలేదు. జతకట్టిన నెలకు స్కానింగు తీయిస్తే, చిన్ని గుండెలు టకటక కొట్టుకుంటూ కనిపించాయి. 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీసి, డాక్టరుగారు వెన్నెముకలు లెక్కపెట్టి "అయిదు" అన్నారు.

63వ రోజున నాలుగు పుట్టాయి. రాణి సొమ్మసిల్లింది.

"అయిపోయిందండీ" అన్నది మా ఆవిడ.

"ఇంకొకటుందే!" అంటూ ఆటో పిలిచాను.

తల్లీ దక్కింది, బిడ్డా దక్కింది. ఆ అయిదోదే ఇప్పుడు నా రెండో చెప్పు కొరుకుతోంది.