ట్యాంకర్ గేటు దాటే ముందు

విశాఖపట్నం రేవులో దిగిన టొలీన్, మిథనాల్, అసిటోన్ వంటి సాల్వెంట్లు పరవాడ ఫార్మా సిటీకీ, అచ్యుతాపురానికీ, హైదరాబాద్ చుట్టూ ఉన్న బల్క్ డ్రగ్ యూనిట్లకూ రోడ్డు మీదే వెళతాయి. ఆ దారిలోని ఒక నిల్వ, రవాణా యార్డులో కాగితాల పరిశీలనకు ఏఐ ఏజెంట్‌ను పెట్టారని తెలిసి చూడటానికి వెళ్లాను. సంస్థ పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. లోడింగ్ బే, వేబ్రిడ్జి, డ్రైవర్ల విశ్రాంతి గది, వీటి మధ్య ఒక చిన్న డాక్యుమెంటేషన్ గది. నేను చూడాలనుకున్నది ఆ చిన్న గదినే. ట్యాంకర్ దారిలో బోల్తాపడితే అగ్నిమాపక సిబ్బందికి అందే సమాచారం తయారయ్యేది అక్కడే. ట్యాంకర్ మీద అంటించే హజ్‌కెమ్ కోడ్‌లో మొదటి అంకె 3 అయితే నురగ వాడాలి, 4 అయితే నీటిచుక్క తగలకూడదు. ఆ ఒక్క అంకె తప్పితే మంట ఆర్పడానికి వచ్చినవాళ్లే మంటలో చిక్కుకుంటారు. లోడింగ్ దగ్గర ఎర్తింగ్ తీగ తగిలించారా, ఎగ్జాస్ట్‌కు స్పార్క్ అరెస్టర్ ఉందా అని చూడటానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉంటాడు. కాగితం మీది అంకెలను చూసే బాధ్యత మాత్రం, మన దగ్గర చాలాచోట్ల, సాయంత్రానికి కళ్లు అలసిపోయిన ఒక గుమస్తాది.

ఒకే సరుకు ఒక్కో కాగితంలో ఒక్కో రూపంలో కనిపిస్తుంది. టొలీన్‌నే తీసుకుందాం. పన్నులవాళ్లకు అది హెచ్‌ఎస్‌ఎన్ 2902 30. రసాయన శాస్త్రవేత్తకు క్యాస్ నంబరు 108-88-3. రవాణాలో యూఎన్ 1294, మూడో తరగతి, మండే ద్రవం. కొనుగోలు ఆర్డరులో వ్యాపారి పెట్టుకున్న పేరు మరొకటి ఉండవచ్చు. ఈ-వే బిల్లు హెచ్‌ఎస్‌ఎన్ అడుగుతుంది, యూఎన్ నంబరు అడగదు. హెచ్‌ఎస్‌ఎన్ తప్పితే దారిలో తనిఖీలోనే బండి ఆగుతుంది, జరిమానా పడుతుంది. యూఎన్ నంబరు తప్పితే ప్రమాదం జరిగేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. గుమస్తా శ్రద్ధ సహజంగానే మొదటిదాని మీదికి పోతుంది. ఇది ఆ ఉద్యోగి నిర్లక్ష్యం అనుకోను. వెంటనే శిక్ష పడే తప్పుకు భయపడి, ఆలస్యంగా ప్రాణాలు తీసే తప్పును వదిలేసేలా వ్యవస్థను మనమే కట్టుకున్నాం. ఏజెంట్ నిజంగా పనికొచ్చే చోటు నాకు ఇక్కడే కనిపించింది. కాగితాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చదవడం, అవి ఒకే సరుకు గురించి మాట్లాడుతున్నాయా అని అడగడం.

పరీక్ష కోసం సిబ్బందే కావాలని తప్పులు పెట్టిన కాగితాలను నా ముందు దానికి ఇచ్చారు. సేఫ్టీ డేటా షీట్‌లో పదహారు భాగాలుంటాయి. తొమ్మిదో భాగంలో భౌతిక లక్షణాలు, పద్నాలుగో భాగంలో రవాణా వివరాలు. ఇచ్చిన షీట్‌లో తొమ్మిదో భాగం ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీల సెల్సియస్ అంటోంది, పద్నాలుగో భాగం రవాణాకు ప్రమాదకరం కాదంటోంది. ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీలకు మించని ద్రవం మామూలుగా మూడో తరగతిలోకి వస్తుంది. గడులు నిండాయా లేదా అని చూసే పాత సాఫ్ట్‌వేర్‌కు ఇందులో లోపమేమీ కనిపించదు, ఎందుకంటే గడులన్నీ నిండే ఉన్నాయి. ఏజెంట్ ఆ రెండు వాక్యాలనూ ఎత్తి చూపి, సరఫరాదారుకు పంపవలసిన లేఖ ముసాయిదా తయారుచేసి, గేట్ పాస్ ఆపింది. మరో కట్టలో డ్రైవర్ లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ బయల్దేరే రోజుకు చెల్లుతుంది, సరుకు చేరే రోజుకు చెల్లదు. ఆ ఎండార్స్‌మెంట్‌ను మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి కాబట్టి ఇలాంటి పొరపాటు ఊహాజనితం కాదు. దాన్నీ పట్టుకుంది. "మాకు తెలియని రూలేమీ ఇది చెప్పదండీ. తెలిసిన రూలును ప్రతి బండికీ గుర్తుచేస్తుంది" అన్నారు డాక్యుమెంటేషన్ చూసే ఉద్యోగిని. నేను విన్న వివరణల్లో సరైనది అదే.

ఈ యార్డులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఒక చిన్న ఏర్పాటు. ఏజెంట్ గేట్ పాస్‌ను ఆపగలదు, ఇవ్వలేదు. ఇవ్వాలంటే సేఫ్టీ ఆఫీసర్ బండి దగ్గరికి నడిచి వెళ్లి, చూసి, సంతకం పెట్టాలి. రసాయనాల రవాణాలో ఏఐకి ఎంత అధికారం అన్న ప్రశ్నకు ఇదే సరైన జవాబని నేను వాదిస్తాను. ఆపే అధికారం పూర్తిగా ఇవ్వాలి, వదిలే అధికారం అసలు ఇవ్వకూడదు. మొదటి సగానికి రుజువు బీరూట్. 2020 ఆగస్టు 4న అక్కడి రేవు గోదాములో పేలింది 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్. రెండు వందలమందికి పైగా చనిపోయారు. ఆ సరుకు రహస్యంగా దాచినది కాదు. 2013లో ఓడలో వచ్చింది, కాగితాల మీద ఉంది, కస్టమ్స్ అధికారులు దాన్ని తరలించాలని న్యాయస్థానానికి మళ్లీ మళ్లీ లేఖలు రాశారు. హెచ్చరిక ఉంది, దేన్నీ కదిలించే శక్తి దానికి లేదు. చెన్నై దగ్గర మనలిలో 2015 నుంచి పడి ఉన్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ను హైదరాబాద్‌కు తరలించడానికి బీరూట్ పేలాల్సి వచ్చింది. ఏజెంట్‌ను కేవలం ఈమెయిల్ పంపే యంత్రంగా పెడితే, అది బీరూట్ కస్టమ్స్ లేఖలనే ఇంకాస్త వేగంగా రాస్తుంది. అందుకే దాని హెచ్చరిక గేటుతో ముడిపడి ఉండాలి.

రెండో సగానికి రుజువు కోసం ఈ యార్డు నుంచి దూరం వెళ్లనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది, పన్నెండుమంది ప్రాణాలు పోయాయి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఒకటుంది. స్టైరీన్ నిల్వ ఉన్న ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉంది. పై పొరల్లో స్టైరీన్ తనలో తాను గొలుసు కట్టుకుంటూ వేడెక్కుతుంటే అడుగున అంకె తక్కువగానే ఉంది. స్టైరీన్‌ను అదుపులో ఉంచే టీబీసీ పనిచేయడానికి కరిగిన ఆక్సిజన్ కావాలి, దాన్ని కొలవనే లేదు. ఆ రోజు రికార్డులను ఎంత తెలివైన ఏజెంట్ చదివినా ఏం చెప్పి ఉండేది? కొలవని దాన్ని ఏ యంత్రమూ చదవలేదు. కాగితాలు ఒకదానితో ఒకటి పొసగడం వేరు, ట్యాంకులో పరిస్థితి బాగుండటం వేరు. కాగితాలు పొసగకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టే కాబట్టి ఆపడం న్యాయం. పొసిగినంత మాత్రాన తప్పు లేనట్టు కాదు కాబట్టి వదలడానికి మనిషి కావాలి, అతను బండి దాకా నడవాలి.

దీనికి రవాణా రంగంలోని వాళ్ల నుంచి గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. యంత్రం అతిగా అనుమానిస్తుంది, బండ్లు ఆగిపోతాయి, ఆలస్యానికి కట్టే డెమరేజ్ పెరుగుతుంది, చివరికి సిబ్బంది విసిగి చూడకుండానే సంతకాలు పెడతారు. ఈ భయానికి ఆధారం ఉంది. జర్మనీ నౌకా సంస్థ హపాగ్-లాయిడ్ తన బుకింగుల్లో దాచిన ప్రమాదకర సరుకును వెతకడానికి ఒక సాఫ్ట్‌వేర్ వాడుతోంది. 2015లో దాదాపు 2,36,000 అనుమానాస్పద కేసులను పరిశీలిస్తే తప్పు ప్రకటనలని తేలినవి 4,314. అంటే నూటికి రెండు కూడా కాదు. కానీ ఆ 4,314లో ప్రతి ఒక్కటీ నడిసముద్రంలో ఓడ తగలబడే అవకాశం. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ మునగడానికి ముందు ఒక కంటెయినర్ నుంచి నైట్రిక్ ఆమ్లం కారుతున్న సంగతి తెలుసు, దాన్ని దించుకోవడానికి రెండు రేవులు ఒప్పుకోలేదు. కాబట్టి అనవసరపు ఆపులు తగ్గించాలి గానీ ఆపడమే మానకూడదు. పదాలను బట్టి వెతికే సాఫ్ట్‌వేర్ కన్నా సందర్భం చదివే ఏజెంట్ ఇక్కడ మేలు. ఆపిన కారణాన్ని ఏ కాగితం, ఏ వాక్యం అని చూపిస్తే సేఫ్టీ ఆఫీసర్ వెంటనే తేల్చగలడు. కారణం చెప్పకుండా ఎర్రదీపం వెలిగించే యంత్రం వచ్చిందంటే మాత్రం విసుగు వస్తుంది, ఆ విసుగు తప్పు కాదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా లోతైనది. అబద్ధం చెప్పదలచినవాడి చేతిలోనూ ఏఐ ఉంటుంది. క్యాల్షియం హైపోక్లోరైట్‌ను మామూలు సరుకుగా చూపించి ఎక్కువ చార్జీ, ప్రత్యేక నిబంధనలు తప్పించుకునే అలవాటు సముద్ర రవాణాలో పాతదే. ఇప్పుడు అలాంటివాడు ఇన్‌వాయిస్ నుంచి డేటా షీట్ దాకా ఎక్కడా పొల్లుపోని కట్టను నిమిషాల్లో తయారుచేసుకోగలడు. ఇది నిజం, దీనికి కంప్యూటర్‌లో పూర్తి మందు లేదు. అందుకే ఏజెంట్ వచ్చింది కదా అని డ్రమ్ములు తెరిచి నమూనా తీసే పని తగ్గించడం ప్రమాదం. కాగితాలు సరిచూసే భారం తగ్గి మిగిలిన గంటలను నమూనాల మీదే పెట్టాలి. ఈ యార్డులో ఆ ఆలోచన ఇంకా మాటల్లోనే ఉంది. సిబ్బందిని తగ్గించుకోవచ్చన్న లెక్క కూడా పైస్థాయిలో వినిపించింది. ఆ లెక్క వేసుకుంటే ఈ ఏర్పాటంతా కాగితాల మెరుగుకే పరిమితమవుతుంది.

ట్రెమ్ కార్డు విషయంలో మాత్రం వాళ్లు జాగ్రత్తగా ఉన్నారు, నాకు నచ్చింది. ఇక్కడికి వచ్చే డ్రైవర్లలో తెలుగు చదివేవాళ్లు, హిందీ చదివేవాళ్లు, ఒడియా చదివేవాళ్లు ఉన్నారు. ప్రమాదంలో ఏం చేయాలో చెప్పే ఆ కార్డును ఏజెంట్ అప్పటికప్పుడు అనువదించదు. నిపుణులు ముందే సరిచూసి ఉంచిన పాఠాల్లోంచి ఆ సరుకుకు, ఆ డ్రైవర్‌కు తగినది ఎంచి ఇస్తుంది. నీళ్లు కొట్టు, కొట్టకు అన్న చోట అనువాదంలో ఒక్క అక్షరం జారినా సహించలేం.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు చట్టంలో ఇప్పటికే జవాబుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 131 నుంచి 133 వరకు సరుకు పంపేవారికి, బండి యజమానికి, డ్రైవర్‌కు విడివిడిగా విధులు రాసి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ చెప్పింది కాబట్టి పంపాం అన్న మాటకు ఆ నియమాల్లో చోటు లేదు, ఉండకూడదు కూడా. అయితే ఒక ఖాళీ మిగిలింది. ఏజెంట్ ఆపిన బండిని సేఫ్టీ ఆఫీసర్ తన అధికారంతో వదిలితే, ఎందుకు వదిలాడో ఇప్పుడు యార్డు రికార్డులోనే ఉంటుంది. ఆ కారణం సరుకుతోపాటు దాన్ని దించుకునే ఫ్యాక్టరీకి కూడా వెళ్లాలని, అక్కడ వాల్వు తిప్పే కార్మికుడికి అది అందాలని నేను వాళ్లతో అన్నాను. కొనేవాళ్లు ఒప్పుకోరన్నారు. కొనేవాళ్లు ఒప్పుకోకపోతే నియమంలోనే చేర్చాలి.