బాబాయ్ షాపులో 800 పాటలు

మాది తాడేపల్లిగూడెం. వేసవి సెలవులు ఇస్తే చాలు, ఏలూరులో బాబాయ్ ఇంట్లో దిగిపోయేవాణ్ణి. పవర్‌పేటలో ఆయనకి క్యాసెట్ల షాపు ఉండేది. కొంతమంది సినిమా క్యాసెట్ కొనేవాళ్లు కాదు. చీటీ మీద పన్నెండు పాటలు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి పెట్టమనేవాళ్లు. ఏ సైడు ఘంటసాల, బి సైడు ఇళయరాజా. ఇప్పుడు మనం ప్లేలిస్ట్ అంటున్నది అదే.

నేను ఏడో తరగతికి వచ్చేసరికి క్యాసెట్ల అర సగం ఖాళీ. అందరి చేతిలో సెల్‌ఫోన్. బాబాయ్ ఓ పాత కంప్యూటర్ కొని, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం మొదలెట్టాడు. దాని ముందు కూర్చున్నది నేనే. కార్డు నింపితే 30 రూపాయలు. పాటకి 5 ఎంబీ అనుకుంటే 4 జీబీ కార్డులో 800 పాటలు.

ఎక్కువగా వచ్చేది కొల్లేరు లంకల వాళ్లు. చేపల చెరువు కాపలా కాసే ఓ పెద్దాయన ప్రతి నెలా వచ్చేవాడు. "గట్టు మీద సిగ్నలుండదు బాబూ. తెల్లార్లూ ఒక్కణ్ణే. నిద్ర రాకుండా ఉండే పాటలు ఎక్కించు" అనేవాడు. డబ్బులు ముందే బల్ల మీద పెట్టేవాడు.

ఆ 30 రూపాయల్లో పాట రాసినాయనకి గానీ, కట్టినాయనకి గానీ ఒక్క పైసా వెళ్లలేదు. అది తప్పే, దాచుకోను. కానీ ఓ రోజు క్యాసెట్ల డీలర్ వస్తే బాబాయ్ అడగడం నేను విన్నాను. "కార్డుకి పది రూపాయలు కంపెనీకి కడతానండి. పాటలు మీరే ఇవ్వండి. లెక్క రాసి చూపిస్తాను." ఆయన నవ్వేశాడు. "అలాంటి పద్ధతి లేదండీ. ముందు ఈ క్యాసెట్లు అమ్మండి."

ఏడాది తిరక్కుండా తనిఖీకొచ్చి కంప్యూటర్ పట్టుకెళ్లారు.

ఇంజినీరింగ్‌లో చేరాక తెలిసింది, ఈ కథ మా షాపుతో మొదలవలేదని. 1980ల్లో పెద్ద కంపెనీలు గ్రామఫోన్ రికార్డుల ధీమాలో ఉన్నప్పుడు, టీ-సిరీస్ గుల్షన్ కుమార్ చవక క్యాసెట్లని కిరాణా కొట్టుదాకా తీసుకెళ్లాడు. 1999లో అమెరికాలో నాప్‌స్టర్ వస్తే మ్యూజిక్ కంపెనీలు కోర్టుకెళ్లి 2001లో మూయించాయి. జనం మాత్రం పాటలు దించుకోవడం మానలేదు. 2003లో పాటకి 99 సెంట్లు పెట్టి సులువుగా కొనుక్కునే దారి చూపించింది కంప్యూటర్లు అమ్ముకునే ఆపిల్.

మన దేశంలో 2012లో ఫ్లిప్‌కార్ట్ 'ఫ్లైట్' పేరుతో పాటలమ్మే ఆన్‌లైన్ కొట్టు తెరిచింది. మరుసటి ఏడాదే మూసేసింది. అయిదు, పది రూపాయలు ఆన్‌లైన్లో కట్టడం అప్పట్లో పెద్ద తలనొప్పి. పాట ఉచితంగా దొరికే సైట్లేమో వంద. 2012లోనే కాపీరైట్ చట్టం మార్చి, రచయితలకీ సంగీత దర్శకులకీ రాయల్టీ వాటా ఎవరూ రాయించుకోలేని హక్కుగా చేశారు. హక్కు వచ్చింది సరే, కొల్లేరు గట్టు మీది 30 రూపాయలు వాళ్లదాకా వెళ్లే దారేది?

అసలు తమాషా 2017లో జరిగింది. ఒకప్పటి హెచ్ఎంవీ, ఇప్పటి సరిగమ, కార్వాన్ అని ఓ పెట్టె తెచ్చింది. లోపల ముందే ఎక్కించిన 5,000 పాటలు. ధర 6 వేలకి పది రూపాయలు తక్కువ. అది బాగా అమ్ముడైంది. నెట్ అక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు, నొక్కితే పాట. మా షాపులో మేం అమ్మిందీ ఇదే కదా!

జనం డబ్బులివ్వరని కంపెనీలు ఏళ్ల తరబడి ఏడ్చాయి. జనం ఇచ్చారు. మా బల్ల మీద రోజూ చూశాను. కాపీని ఎలా ఆపాలా అని ఆలోచించినవాళ్లు, ఆ డబ్బు పుచ్చుకోవడానికి కౌంటర్ పెట్టడం మర్చిపోయారు. ఇప్పుడు నేను యాప్‌లు రాసి బతుకుతున్నాను. "యూజర్లు దారికి రావట్లేదు" అని మీటింగ్‌లో ఎవరన్నా అంటే, నాకు ఆ డీలర్ నవ్వే గుర్తొస్తుంది.

బాబాయ్ ఇప్పుడు అదే షాపులో ఫోన్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్ముతున్నాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నా ఫోన్లో పాట వింటూ అడిగాడు.

"దీనికి నెలకెంత కడుతున్నావురా?"

"నూరు పైచిలుకు బాబాయ్."

కాసేపు ఏం మాట్లాడలేదు. కవర్లు సర్దుకుంటూ అన్నాడు.

"నేనూ కడతాననే అన్నాను కదరా. పుచ్చుకునేవాడే లేకపోయాడు."