గుర్రపు డెక్కపై డ్రోను కన్ను

గవర్నర్‌పేటలో కాపురముంటూ కాలువను చూడకుండా రోజు గడపడం కష్టం. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊళ్లోంచే డెల్టాకు సాగిపోతాయి. వాటితోపాటు గుర్రపు డెక్కా!

ఆమధ్య హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనకోడలు ఏలూరు కాలువ వంతెన మీద ఆగి, ఫోనుతో ఓ ఫొటో తీసింది. ప్లాంట్‌నెట్ అనే యాప్ క్షణాల్లో పేరు చెప్పేసింది. ‘మావయ్యా, ఇది దక్షిణ అమెరికా మొక్కట’ అంది ఉత్సాహంగా. ‘దీన్ని గుర్తుపట్టడానికి కృత్రిమ మేధ దేనికే? బెజవాడలో పసిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు’ అన్నాను. ‘పేరు సరే... ఇవాళ ఏయే కాలువలో ఎక్కడెక్కడుంది, పోయిన వారానికీ ఇప్పటికీ ఎంత పెరిగింది? అది చెబుతాడా?’ అని అడిగింది.

అసలు ప్రశ్న అదే. ఊదారంగు పూలు చూసి ముచ్చటపడి, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎవరో బెంగాల్‌కి తెచ్చిన మొక్క ఇది. అక్కడ చెరువుల్నీ వాగుల్నీ ఎంతలా కమ్మేసిందంటే, 1936లో దీనికోసమే ఓ చట్టం చేయాల్సి వచ్చింది! నీళ్లు అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఇవాళ పది గజాలున్న గుంపు మూడు నెలలు తిరిగేసరికి ఆరువందల గజాలు దాటుతుందన్నమాట. పది గజాలప్పుడైతే ఇద్దరు మనుషులు ఓ పూటలో లాగేస్తారు. ఆ తర్వాత పొక్లెయిన్ రావాల్సిందే. ఈలోగా నీరు నిలిచిపోతుంది, దోమలు పెరుగుతాయి.

ఆకాశం నుంచి చూడ్డానికి ఉపగ్రహాలు లేకపోలేదు. పచ్చని ఆకు పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది, నీరు మింగేస్తుంది. ఆ తేడాతోనే కంప్యూటర్ రెంటినీ విడదీస్తుంది. కానీ ఐరోపావాళ్ల సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క నేలమీద పది మీటర్ల చదరం. వంతెన నీడలో దాక్కున్న చిన్న గుంపు దానికి ఆనదు. అందుకు డ్రోను కావాలి. 2024 అక్టోబరులో పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఎగిరి ఊరంతటినీ అబ్బురపరిచాయి. వాటిలో ఓ రెండు వారానికోసారి కాలువల వెంట తిరిగినా చాలనిపిస్తుంది నాకు!

ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ సంగతి వేరు. పూత వస్తే దాని పుప్పొడితో దురద, ఉబ్బసం. పూతకు ముందే పట్టుకోవాలి. అప్పుడేమో ఆకు మాచిపత్రిలా ఉంటుంది. మన దగ్గర తీసిన ఫొటోలు వేలల్లో చూపించి, ‘ఇది ఇదీ, అది అదీ’ అని తెలిసినవాళ్లు నేర్పితే తప్ప యంత్రానికీ తడబాటే.

చూడ్డం యంత్రం చేస్తుంది సరే, నడుంలోతు మురికినీళ్లలోకి దిగేది మాత్రం మనిషే. గుంపు చిన్నగా ఉన్నప్పుడే కబురందితే ఆ మనిషికి అంత కష్టం తగ్గుతుంది. కబురు ఎవరికి అందాలన్నది ఇంకో తంటా. కాలువలు జలవనరుల శాఖవి, మురుగు డ్రెయిన్లు నగరపాలక సంస్థవి. గుర్రపు డెక్కకు ఆ సరిహద్దులు తెలియవు, ప్రవాహం ఎటు తోస్తే అటు పోతుంది. డ్రోను తీసిన బొమ్మ అదే పూట రెండు ఆఫీసుల్లోనూ కనపడాలి.